నాలుగు గంటల దూరము



హైదరాబాదునుండి దుబాయికి ఎంత దూరమని మీలో ఎవరైనను నన్ను అడిగినయెడల నేనిప్పుడు వెంటనే జవాబు చెప్పను. ఒకప్పుడు చెప్పితిని. చెప్పిన లెక్కలో తప్పు లేదు. అయినను ఆ జవాబు నా నోటినుండి వచ్చినందుకు నేటివరకు చింతించుచునే యున్నాను. మీ ఊరిలోను ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుచునే యుందురు గనుక ఆ సంగతి మీకు వ్రాయుట మంచిదని తోచినది.

మాది జగిత్యాలకు దగ్గరి పల్లె. మా ప్రాంతమువారికి బ్రదుకుతెరువు చూపు దిక్కులు మూడని ఒక మాట కలదు: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. తాతలు బొంబాయికిని భీవండికిని మగ్గముల పనికి పోయిరి. తండ్రులలో కొందరు సింగరేణి గనులలో దిగిరి. మనుమలు దుబాయికి పోవుచున్నారు. 2014వ సంవత్సరము వేసవిలో ఒక సాయంకాలము మా సంఘములోని పెద్దాయన ఒకడు వచ్చి మా అరుగుమీద కూర్చుండెను. అతడు తన యౌవనమున నాలుగేండ్లు బొంబాయిలో పనిచేసి వచ్చినవాడు. అతని ఒక్కగానొక్క కుమారుడు దుబాయి పోవుటకు ఏజెంటుతో మాటలు ముగించుకొని యుండెను. తండ్రికి మాత్రము మనస్సు ఒప్పలేదు.

"అయ్యగారూ, బొంబాయికంటే రైలెక్కి ఒక పగలు, ఒక రాత్రి పోయినం. ఈ దుబాయి ఎంత దూరముంటది?" అని అడిగెను.

నాకు ఇట్టి ప్రశ్నలనిన సరదా. నేను వేదాంత కళాశాలలో చదువుకొనిన దినములలో పౌలు ప్రయాణముల పటముమీద దారము పరచి, దానిని కొలబద్దకు పట్టి, ఊరికి ఊరికి మధ్య దూరము కనుగొనుట మా గురువులు నేర్పిరి. ఆ అలవాటు నన్ను విడువలేదు. వెంటనే పిల్లల అట్లాసు తెప్పించితిని, మా ఇంటిది సూదిపెట్టెలోనుండి దారము తీసి యిచ్చినది. పెద్దాయన కన్నులయెదుట హైదరాబాదుమీద ఒక కొన, దుబాయిమీద ఒక కొన పెట్టి కొలిచితిని. చదును పటముమీది కొలత కొంచెము అటునిటు ఉండును. భూగోళపు వంపును లెక్కలోనికి తీసికొనినయెడల ఈ రెండు పట్టణముల మధ్య దూరము సుమారు 2,550 కిలోమీటర్లు, అనగా 1,580 మైళ్లు. హైదరాబాదునుండి ఢిల్లీకి ఆకాశమార్గమున ఎంతయో, దానికి రమారమి రెండింతలు.

"విమానము నాలుగు గంటలలో పోవును. నీవు బొంబాయికి పోయిన కాలములో ఆరవ వంతు. రేపు నీకేమైన కష్టము వచ్చి ఉదయమున కబురుపెట్టినయెడల, రాత్రికి నీ కొడుకు నీ మంచముప్రక్కన ఉండును" అని నేను చెప్పితిని.

పెద్దాయన వ్రేళ్లమీద లెక్కపెట్టుకొనెను. "నాలుగు గంటలేనా? మన ఊరికెల్లి పట్నం బస్సే అయిదు గంటలాయె" అనెను. అతని ముఖము తేటపడుట నేను చూచితిని. ఆ వారమే అరయెకరము కుదువపెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి ఎనుబదివేలు తెచ్చి కుమారుని పంపించెను. నేను కొలిచిన దారమును కూడ అడిగి, చొక్కా జేబులో పెట్టుకొని పోయెను. ఎందుకని నేను అడుగలేదు.

కుమారుని జీతము నెలకు 900 దిరాములు. రెండేండ్లకొకసారి సెలవు, ఆ సెలవునకు మాత్రమే టిక్కెట్టు. ఈ సంగతి నాకు తరువాత తెలిసెను. దారముతో కొలిచిన నాడు నేను అడిగి తెలిసికొనవలసినది ఇదియే.

ఆ పెద్దాయన యింట ఒక విచిత్రమైన ఏర్పాటు ఉండెను. గోడమీద పాత గడియారము ప్రక్కన జగిత్యాల అంగడిలో మరియొకటి కొని తగిలించి, దానిని గంటన్నర వెనుకకు త్రిప్పి యుంచెను. మనకు ఉదయము ఆరు అయినప్పుడు దుబాయిలో నాలుగున్నర. "ఇప్పుడు వాడు లేచి బువ్వ డబ్బ కట్టుకుంటుండు" అని ఆ రెండవ గడియారము చూచి భార్యతో చెప్పెడివాడు. ఫోనులో మాటలాడుట కంటె ఆ గడియారము చూచుటయే అతనికి ఎక్కువ తృప్తియని నాకు తోచెడిది.

2018 ఫిబ్రవరిలో, ఒక గురువారము సాయంకాలము అతడు ప్రభువునందు నిద్రించెను. రోగమేమియు లేదు. పొలమునుండి వచ్చి కూర్చుండి, నీళ్లు అడిగి, త్రాగకయే వాలిపోయెను.

మా పల్లెలో సాధారణముగా మరునాడే భూస్థాపన. కాని నేను పెద్దలతో, "కొడుకు నాలుగు గంటల దూరమున ఉన్నాడు, శనివారము ఉదయమునకు వచ్చును, ఆగుడి" అని చెప్పితిని. అందరు ఒప్పుకొనిరి. జగిత్యాలనుండి ఫ్రీజరు పెట్టె అద్దెకు తెప్పించిరి. నేను ఒక కాగితము వెనుక లెక్క వ్రాసితిని: దుబాయిలో రాత్రి పది గంటలకు విమానము, శంషాబాదులో తెల్లవారుజామున మూడు గంటలలోపల దిగుట, కారులో నాలుగున్నర గంటలు, ఎనిమిదిన్నరకు ఇంటిలో. శుక్రవారమని వ్రాసి, కొట్టివేసి, శనివారమని వ్రాసితిని. దానిని కూడ కొట్టివేయవలసి వచ్చెను.

సంగతి ఏమనగా, ఆ దినములలో అక్కడివారికి శుక్రవారమే మన ఆదివారమువంటిది, శనివారము కూడ ఆఫీసులకు సెలవు. 2022 జనవరినుండి వారి ప్రభుత్వము సెలవులను శని ఆదివారములకు మార్చినది గాని, 2018లో అట్లు లేదు. అబ్బాయి పాస్‌పోర్టు అతనియొద్ద లేదు, పనిచేయించుకొనువారి ఆఫీసు బీరువాలో నుండెను. తాళపుచెవి యొద్దనుండిన ఉద్యోగి రెండు దినములు ఫోను ఎత్తలేదు. పనివాని పాస్‌పోర్టును యజమాని పట్టుకొనకూడదని ఆ దేశమువారు 2021లో చేసిన కార్మిక చట్టములో స్పష్టముగా ఉన్నది, అంతకు ముందును అది తప్పే. అయినను తప్పు తప్పని చెప్పుటకు ఆ రాత్రి అక్కడ ఎవరును లేరు. టిక్కెట్టు సొమ్మును మాత్రము గదిలోని తోటివారు, మన నిజామాబాదువారును నేపాళమువాడొకడును, గంటలో ప్రోగుచేసిరి.

చదువరులారా, మీ సంఘములోని పిల్లవాడు ఎవడైనను గల్ఫునకు పోవుచున్నయెడల విమానము ఎన్ని గంటలని అడుగుటకు ముందు, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉండును, ఆపదలో సెలవు ఎవరు ఇయ్యవలెను, ఏ దినమున వారి ఆఫీసు మూసియుండును, తిరుగు టిక్కెట్టు ఎవరిది అని అడుగుడి. కాగితముమీద వ్రాయించుకొని ఇంటిలో ఒక ప్రతి ఉంచుకొనుడి. నేను అట్లాసు తెప్పించుటకు బదులు ఆ నాలుగు మాటలు అడిగి యుండినయెడల బాగుండెడిది.

శనివారము గడిచెను. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత పెద్దలు నాయొద్దకు వచ్చి, ఇక ఆగుట మంచిది కాదనిరి. కరెంటు రెండుసార్లు పోయియుండెను. ఆ తల్లి నా ముఖము చూచుచు కూర్చుండెను గాని ఏమియు అనలేదు. నిర్ణయము నాదే. సాయంకాలము నాలుగు గంటలకు సమాధి చేసితిమి. పెట్టె దించునప్పుడు తండ్రి జేబులో ఏదియో ఉన్నదని ఎవరో తీయబోగా ఆమె వద్దనెను. అది దారపుండ.

కుమారుడు సోమవారము ఉదయము ఎనిమిదిన్నరకు వచ్చెను. నేను వ్రాసిన గంటకే వచ్చెను, దినము మాత్రము వేరు. ఏడ్చుచు వచ్చునని తలంచితిని, ఏడ్వలేదు. సమాధియొద్ద చాలసేపు నిలువబడి, నావైపు తిరిగి ఒక్క మాట అడిగెను.

"ఎన్నిగంటలకు పెట్టిండ్రు అయ్యగారూ?"

"నాలుగింటికి, బాబూ."

అతడు లోపల లెక్క వేసికొనెను. "అంటే మాకు రెండున్నర. అప్పుడే నాకు పాస్‌పోర్టు చేతికిచ్చిండ్రు. సంతకం పెడుతున్న" అనెను.

నేనేమి చెప్పగలను? ఆయత్తముగా నుండెడి మాటలు నాయొద్ద ఎన్నియో కలవు, ముప్పది యేండ్లకు సమీపముగా సమాధులయొద్ద మాటలాడినవాడను. ఆ ఉదయము ఒక్కటియు నోట రాలేదు.

ఇరువది దినములుండి అతడు తిరిగిపోయెను. అప్పు తీరలేదు గదా.

తరువాత 2023 జనవరిలో, అక్కడ పనిచేయుచున్న మన తెలుగు సహోదరులు కొందరు చందా వేసికొని నన్ను వారము దినములకు పిలిచిరి. అట్లు ఈ దూరమును నా ఒంటితో కొలుచుటకు నాకు సమయము దొరికెను.

మొదటి సంగతి, మన పల్లెనుండి విమానపు మెట్టువరకే ఎక్కువ కాలము పట్టును. బస్సులో సికింద్రాబాదుకు అయిదు గంటలు, అక్కడనుండి శంషాబాదుకు గంటకు పైగా, అచ్చట మూడు గంటల ముందే చేరవలెనని నియమము. మొత్తము తొమ్మిది గంటలైన పిమ్మట విమానము కదిలెను. నా ప్రక్కన కూర్చుండినవాడు మెట్‌పల్లి యువకుడు, మొదటిసారి పోవుచున్నాడు. బెల్టు పెట్టుకొనుట నాకు తెలియునని తలంచి నన్నడిగెను, నేను ఆవలివానిని చూచి నేర్చుకొని అతనికి నేర్పితిని.

విమానము బొంబాయి ప్రాంతమున తీరము దాటి అరబ్బీ సముద్రముమీదికి పోయెను. ముందరి కుర్చీవెనుక చిన్న తెరమీద పటమును, దానిమీద మేము పోవు దారిని ఒక గీతగాను చూపుచుండిరి. ఆ గీతను చూడగా నా దారము జ్ఞాపకమునకు వచ్చి, చాలసేపు కిటికీవైపు చూచితిని. తరువాత ఒమాను దేశపు హజరు పర్వతములు కనబడెను. చెట్టు చేమ లేని, మట్టిరంగు కొండలు. వాటి ఆవల ఇసుక, ఇసుకకు ఆవల పట్టణము.

ఇక్కడ గాలిని గూర్చి ఒక మాట చెప్పవలెను. హైదరాబాదునుండి నేను ఉదయము పది గంటలకు బయలుదేరి దుబాయిలో పండ్రెండున్నరకు దిగితిని. గడియారము చూచినయెడల రెండున్నర గంటల ప్రయాణమే. నిజమునకు పట్టినది నాలుగు గంటలు, అక్కడి కాలము గంటన్నర వెనుక గనుక అట్లు కనబడును. తిరుగు ప్రయాణమున రాత్రి పదికి బయలుదేరి రెండు గంటల నలుబది నిమిషములకు దిగితిని. గడియారము ప్రకారము అయిదు గంటలకు ఇరువది నిమిషములు తక్కువ, నిజమునకు మూడు గంటల పది నిమిషములే. అనగా ఏ దారి పొడుగుగా కనబడునో అదియే పొట్టిది. కారణము గాలి. విమానము పోవు పది, పదునొకండు కిలోమీటర్ల ఎత్తున చలికాలమందు పడమటినుండి తూర్పునకు మహా వేగముతో గాలి వీచును. పోవునప్పుడు దానికి ఎదురు పోవలెను, వచ్చునప్పుడు అది వెనుకనుండి త్రోయును. వానకాలమున ఆ గాలి మారును గనుక ఈ భేదము తగ్గును.

అపొస్తలుల కార్యములు చదువువారికి ఇది క్రొత్త సంగతి కాదు. పౌలు త్రోయనుండి ఓడయెక్కి రెండవ దినముననే నెయపొలి చేరెనని 16వ అధ్యాయములో నున్నది. అదే సముద్రమును ఆవలినుండి ఇవతలికి దాటుటకు అయిదు దినములు పట్టెనని 20వ అధ్యాయములో నున్నది. కళాశాలలో నేను దారముతో కొలిచినప్పుడు రెండు మారులు ఒకటే కొలత వచ్చెను. అప్పుడు మా గురువు నవ్వి, గాలిని దారముతో ఎట్లు కొలిచెదవని నన్నడిగెను. అది నేను మరచితిని.

మనదేశమునకును ఆ తీరమునకును రాకపోకలు నిన్నమొన్నటివి కావు. 1966 వరకు అక్కడ చెల్లినవి మన రిజర్వు బ్యాంకు అచ్చువేసిన రూపాయలే. 1960లో దుబాయి విమానాశ్రయము తెరచినప్పుడు దాని పరుగుబాట గట్టిపరచిన ఇసుకయే. బొంబాయినుండి ఓడలు దినములకొలది నడిచి ఆ రేవులకు పోయెడివి, వాటిలో ద్వారక అను ఓడ 1982 వరకు నడిచెను. అట్లు పోయినవారి తల్లిదండ్రులు, కబురందినను కొడుకు సమాధికి రాలేడని ముందుగనే ఎరిగియుండిరి. నాలుగు గంటలని ఎవరును వారికి చెప్పలేదు.

మూడవ రాత్రి ఆ అబ్బాయి వచ్చి నన్ను తన గదికి తీసికొనిపోయెను. మనవాండ్లు ఆ చోటును సోనాపూరు అందురు, బంగారు ఊరని దాని అర్థము. దుబాయి పటములో దాని పేరు ముహైస్నా. గదికి ఆరుగురు, మంచముపై మంచము. అతనిది క్రింది మంచము, తలాపున తండ్రి ఫోటో. కోడిగుడ్ల పులుసు వండి పెట్టిరి, నేను రెండుసార్లు అడిగి వేయించుకొంటిని. భోజనమైన తరువాత డాబామీదికి పోయితిమి. విమానాశ్రయము దూరము కాదు. విమానములు లేచుచు దీపములతో మా తలలమీదుగా పోవుచుండెను.

"ఇగో, గదే హైదరాబాదుది. పదింటికి లేస్తది" అని అతడు చూపించెను. "అది పోయినంక నేను పండుకుంట."

అప్పుడు నేను అయిదేండ్లుగా దాచుకొనిన మాట చెప్పితిని. "బాబూ, నిన్ను పంపుమని మీ నాయనకు ధైర్యము చెప్పినది నేనే. నాలుగు గంటల దూరమని కొలిచి చూపించితిని. ఆ మాట నమ్మి ఆయన నిన్ను పంపెను. భూస్థాపనకు వేళ పెట్టినదియు నేనే."

అతడు కొంతసేపు ఊరకుండెను. "తెలుసు అయ్యగారూ. నాయిన ఫోన్ల చెప్పేటోడు, అయ్యగారు దారం పెట్టి కొలిసిండు, ఊకె భయపడకు అని. మీరు చెప్పింది విమానం సంగతి. విమానానికి నాలుగు గంటలే" అనెను. తరువాత, "చలి పెడుతున్నది, కిందికి పోదం, దా అయ్యగారూ" అని నా చేయి పట్టుకొని మెట్లు దించెను. అతడు నన్ను క్షమించెనో, లేక నేను పెద్దవాడనని ఊరకుండెనో ఇప్పటికిని నాకు తెలియదు.

తిరిగి వచ్చిన రెండవ దినము సాయంకాలము ఆ తల్లిని చూడబోయితిని. కుమారుడు పంపిన దుప్పటియు, ఖర్జూరపు డబ్బాయు ఇచ్చితిని. ఎంత దూరమని ఆమె అడుగలేదు. వాడు ఏ ప్రక్కకు తిరిగి పండుకొనుచున్నాడు, కిటికీ ఉన్నదా, గుడ్ల పులుసులో చింతపండు వేయుచున్నాడా అని అడిగెను. ఎరిగినంతవరకు చెప్పితిని. లేచి వచ్చుచుండగా ఆమె గోడవైపు చూపి, "అయ్యగారూ, ఆ రెండో గడియారం సరిగ్గ నడుస్తున్నదో లేదో జర చూడుండ్రి. ఆయన పోయినంక సెల్లు నేనే మారుస్తున్న" అనెను.

నా చేతి గడియారమును నేనింకను మార్చుకొనలేదు, దుబాయి కాలమే చూపుచుండెను. దానితో సరిచూచితిని. ఆరు నిమిషములు వెనుక నుండెను. ముక్కాలిపీట వేసికొని ఎక్కి, గడియారము దించి, ముల్లు త్రిప్పి మరల తగిలించితిని.